మూడేళ్ల లెక్కలో మా బిల్లులు ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాజీ సర్పంచుల పెండింగ్ బిల్లుల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు ఒక్కటీ వదలకుండా చదువుతాను. 2024 జనవరితో పదవీకాలం ముగిసిన తర్వాత కూడా, అప్పు తెచ్చి ఊళ్లో చేయించిన పనుల డబ్బు కోసం వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన వార్త చదివినప్పుడల్లా నా తోటివాళ్లే గుర్తొస్తారు. మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. సరిహద్దు దాటితే బాసర. 1956 దాకా ఇటూ అటూ అంతా హైదరాబాద్ రాష్ట్రమే కాబట్టి మా చుట్టరికాలన్నీ మీ వైపే. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, ఆఫీసులో మరాఠీలో దరఖాస్తు రాస్తాం. నేను చిన్న కాంట్రాక్టర్‌ని. బడి గదులు, ప్రహరీ గోడలు, సీసీ రోడ్లు, చిన్న చిన్న కల్వర్టులు కడతాను. కోట్ల టెండర్ల జోలికి ఎన్నడూ పోలేదు.

ఈ ఉత్తరం నా ఒక్కడి బిల్లు కోసం కాదు. అడగాలనుకున్నది ఒకటే. ప్రతి రాష్ట్ర ప్రభుత్వం బడ్జెట్‌తో పాటు సభ ముందు పెట్టే మధ్యకాలిక ఆర్థిక ప్రణాళికలో, పని చేయించుకుని ఇంకా ఇవ్వని డబ్బు కూడా ప్రభుత్వం బాకీగా కనిపించాలి. బ్యాంకులకు, మార్కెట్‌కు ఉన్న అప్పు ఎలా చూపిస్తారో, మాకు ఉన్న బాకీ కూడా అలాగే చూపించాలి.

అలాంటి ప్రణాళిక ఒకటి ఉందని చాలామందికి తెలియదు. 2003లో కేంద్రం ద్రవ్య బాధ్యత చట్టం చేసింది. ఆ తర్వాత కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే ఆర్థిక సంఘాల్లో 12వది, 2005-10 మధ్య అప్పుల్లో ఊరట కావాలంటే రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టం చేయాలని షరతు పెట్టింది. మహారాష్ట్ర 2005లో చేసింది. దాని ప్రకారం ఏటా బడ్జెట్‌తో పాటు మధ్యకాలిక ఆర్థిక విధాన ప్రకటన ఇవ్వాలి. ఆదాయం ఎంత వస్తుంది, లోటు ఎంత, అప్పు ఎంతవరకు వెళ్తుంది అని రాబోయే ఏళ్ల లెక్క కూడా అందులో చెప్పాలి. మంచి ఆలోచన. ఏ ఏడాదికి ఆ ఏడాది చూసుకుని ఖర్చు పెట్టే అలవాటు పోవాలనే దీన్ని పెట్టారు.

అయితే మన ప్రభుత్వాల లెక్కలు నగదు లెక్కలు. ఖజానాలోంచి డబ్బు కదిలిన రోజే అది ఖర్చు. పని పూర్తయింది, కొలతలు తీశారు, బిల్లు పాసైంది, డబ్బు మాత్రం ఇవ్వలేదు అనుకోండి, లెక్కల్లో అసలు ఏమీ జరగనట్టే. మార్చి 31న ఇవ్వాల్సిన బిల్లు ఏప్రిల్‌కు జరిగితే ఆ ఏడాది లోటు అంత మేరకు తగ్గినట్టు కనిపిస్తుంది. 2025-26 మహారాష్ట్ర బడ్జెట్‌లో ద్రవ్యలోటు అంచనా 1,36,235 కోట్లు, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం లోపే. చట్టం చెప్పిన హద్దు దాటలేదు. చూడటానికి బాగానే ఉంది. మా బిల్లులన్నీ కలిపితే ఎంతవుతుందో ఆ అంకెలో ఎక్కడా లేదు. 2025లో మా కాంట్రాక్టర్ల సంఘాలు చెప్పిన లెక్క దాదాపు 89 వేల కోట్లు. అది సరైనదా, ఎక్కువ చేసి చెప్పిందా అని పోల్చి చూసుకుందామంటే బడ్జెట్ పుస్తకాల్లో దానికి జవాబు నాకు దొరకలేదు. బాకీ పడ్డవాడు నోరు విప్పకపోతే బాకీ రావాల్సినవాడు చెప్పిందే లెక్క అవుతుంది. అది ఎవరికీ మంచిది కాదు.

పని ఎలా నడుస్తుందో మీ పాఠకులకు కొంచెం దగ్గరగా చూపిస్తాను. మా తాలూకాలోని ఒక ఊళ్లో బడికి రెండు గదులు కట్టాను. పాత పెంకుల గది కురుస్తుంటే రెండు తరగతుల పిల్లల్ని ఒకే వరండాలో కూర్చోబెట్టేవాళ్లు. వానలు మొదలయ్యేలోపు స్లాబ్ పడితే చాలని హెడ్మాస్టర్ గారు ఒకటే అడిగారు. పోశాం, క్యూరింగ్ చేశాం, ప్లాస్టరింగ్, కిటికీలు, నల్లబల్ల, అన్నీ అయ్యాయి. ఇంజినీర్ గారు టేపు పట్టి పునాది లోతు, గోడ మందం, స్లాబ్ మందం, వాడిన స్టీలు బరువు ఒక్కొక్కటీ మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కించారు. ఆయన సంతకం, నా సంతకం. పై ఇంజినీర్ వచ్చి మళ్లీ కొలిచి చూసుకున్నారు. బిల్లు అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి అక్కడే ఆగిపోయింది. పనిలో తప్పు లేదు, కాగితంలో తప్పు లేదు. ఆ హెడ్ కింద నిధి రాలేదు, అంతే.

హెడ్ అంటే బడ్జెట్‌లో ఖర్చు పద్దు నంబరు. రోడ్ల మరమ్మతులకు 3054, కొత్త రోడ్లకు, వంతెనలకు 5054, పల్లెల్లో చిల్లర పనులకు 2515. ఇద్దరు కాంట్రాక్టర్లు కలిస్తే ముందు మాట్లాడుకునేది ఈ నంబర్ల గురించే. ఏ హెడ్‌లో ఎంత పడింది, మన జిల్లాకు ఎంత వచ్చింది, అందులో మన డివిజన్‌కు ఎంత. మార్చి చివరి వారంలో రాత్రి పది గంటలకు కూడా ఆఫీసుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కంప్యూటర్ తెర మీద హెడ్ ఎదురుగా అంకె మారిందా లేదా అని క్లర్క్ వెనక నిలబడి చూస్తుంటాం. వచ్చింది చాలకపోతే పెండింగ్ బిల్లులన్నిటికీ తలా ఇంత శాతం అని పంచుతారు. పది లక్షల బిల్లుకు లక్ష, లక్షన్నర చేతికొచ్చిన సందర్భాలు నాకు ఉన్నాయి. పంచే క్లర్క్‌ను ఏమనగలం? ఆయన చేతికి వచ్చిందే అంత.

పది లక్షల బిల్లు అసలే రాకపోతే లెక్క ఏమవుతుందో చూడండి. ఎస్టిమేట్‌లో కాంట్రాక్టర్ లాభం పది శాతం, అంటే లక్ష. మేస్త్రీలకు, కూలీలకు వారం వారం ఇవ్వాల్సిందే, వాళ్ల పొయ్యి ఆగదు. సిమెంటు, స్టీలు కొంత ఉద్దెర మీద తెస్తాం, దుకాణందారు కూడా ఎన్నాళ్లు ఆగుతాడు? చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సర్దుతాం. పది లక్షల మీద నెలకు ఇరవై వేలు. అయిదు నెలలు తిరిగేసరికి నా లక్ష అయిపోతుంది. ఆరో నెల నుంచి ఆ బడి గదులు నా జేబులోంచి కట్టినట్టే.

ఆ భారం నా ఒక్కడితో ఆగితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఒకప్పుడు మా దగ్గర టెండర్ అంటే పోటీ పడి ఎస్టిమేట్ కంటే పదిహేను, ఇరవై శాతం తక్కువకు వేసేవాళ్లు. ఇప్పుడు కాస్త జాగ్రత్తగలవాడు ఎవడైనా ఏడాదిన్నర వడ్డీ ముందే లోపల వేసుకుని రేటు కోట్ చేస్తాడు. ఆ వడ్డీ కట్టేది ప్రజలే. వేసుకోనివాడు సిమెంటులో కోత పెడతాడు. రెండూ చేయలేనివాడు పనులు మానేస్తాడు. నా ఈడు వాళ్లు కొందరు మానేసి, ఒకరు హైదరాబాద్ శివార్లలో వాచ్‌మన్‌గా ఉన్నారు, ఒకరు మిరప వ్యాపారంలోకి దిగారు. మిగిలేది డబ్బు ఆపుకుని కూర్చోగల పెద్దవాళ్లే. వాళ్లు రెండు గదుల బడి పనికి రారు.

డబ్బు ఎందుకు రాదు? పనులు మంజూరు చేసేటప్పుడు రాబోయే మూడేళ్లలో వాటికి ఎంత కావాలో ఎవరూ కూడి చూడరు కాబట్టి. పది కోట్ల రోడ్డుకు మొదటి ఏడాది బడ్జెట్‌లో కొన్ని లక్షలు పెడితే చాలు, వర్క్ ఆర్డర్ వచ్చేస్తుంది. శంకుస్థాపన అయిపోతుంది. మిగతా తొమ్మిది కోట్ల చిల్లర వచ్చే ఏళ్ల నెత్తిన పడుతుంది. ఇలాంటివి వేలు. ప్రతి కొత్త ఏడాది డబ్బు పాత పనులకు సరిపోకముందే కొత్త పనుల జాబితా వస్తుంది.

ఇక బడ్జెట్ పాసయ్యాక వచ్చే అనుబంధ పద్దులు, అంటే అదనంగా అడిగే డబ్బు, చూడండి. 2024 జులైలో మహారాష్ట్ర సర్కారు 94,889 కోట్ల అనుబంధ పద్దులు పెట్టింది, అదే డిసెంబరులో మరో 30 వేల కోట్లకు పైగా. 2025-26కు దాదాపు 7 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టి, జూన్ చివర్లో 57,509 కోట్లు, డిసెంబరులో నాగపూర్ సమావేశాల్లో 75,286 కోట్లు అడిగింది. ఇందులో కొంత కేంద్రం నుంచి వచ్చేదానికి సర్దుబాటు, కొంత పుస్తకాల్లో అటుది ఇటు మార్చడం, నిజమే. వరదలొస్తే రైతుకు పరిహారం ఇవ్వాలి, అదీ నిజమే, మా పొలాలూ మునిగాయి. అయినా మార్చిలో చెప్పిన దాంట్లో అయిదో వంతుకు దగ్గరగా మళ్లీ అడగాల్సి వస్తే, ఇక మూడేళ్ల ముందు చూపుకు విలువేముంది? ఒక్క ఏడాది అంచనాయే ఏడాది పొడుగునా నిలవడం లేదు.

లాడ్కీ బహీణ్ గురించి రాయకుండా ఉండలేను. ఆడవాళ్లకు నెలకు 1,500 రూపాయల పథకం, 2024 జూన్ 28 బడ్జెట్‌లో ప్రకటించారు. ఏడాదికి 46 వేల కోట్లు అన్నారు, 2025-26కు 36 వేల కోట్లు కేటాయించారు. నేను ఆ పథకానికి వ్యతిరేకిని కాను. నా దగ్గర తట్ట మోసే ఆడవాళ్లకు ఆ డబ్బు వస్తుంది. మొగుడి చేతికి పోకుండా తమ ఖాతాలో పడుతుందని వాళ్లు సంతోషపడతారు, నాకూ సంతోషమే. కానీ అదే ఆడమనిషికి నేను ఇవ్వాల్సిన కూలి, సర్కారు నుంచి నాకు రావాల్సిన బిల్లులో ఉంది. ఆ పథకం ప్రకటించిన రోజే మూడేళ్ల ఖర్చు పక్కన రాసి, అందుకోసం ఏ పనులు ఆగుతాయి, ఏ పన్ను పెరుగుతుంది, ఎంత అప్పు తెస్తారు అని సభలో చెప్పి ఉంటే, అప్పుడు నాలాంటివాడు కొత్త టెండర్ వేయాలా వద్దా తేల్చుకునేవాడు. సభ్యులూ తెలిసి ఓటేసేవాళ్లు.

2019లో మా చుట్టుపక్కల తాలూకాల సర్పంచులు, నాయకులు కొందరు హైదరాబాద్ వెళ్లి, మమ్మల్ని తెలంగాణలో కలపండని అడిగొచ్చారు. ఎకరాకు పంట పెట్టుబడి ఇస్తున్నారు, పింఛన్లు ఎక్కువ, కరెంటు బాగుంది అని. వాళ్ల బాధ నిజమైనది, అప్పట్లో మా వైపు రైతుకు అవి అంతగా లేవు. నేను మాత్రం అప్పట్లో కూడా ఇంకో లెక్క చూడాలనేవాణ్ణి. నాలుగేళ్లు తిరిగాక, 2023 డిసెంబరు 20న తెలంగాణ ప్రభుత్వమే సభలో శ్వేతపత్రం పెట్టి, కార్పొరేషన్ల అప్పులతో సహా రాష్ట్రం మొత్తం అప్పు 6,71,757 కోట్లు అని చెప్పింది. 2023-24కు 2,90,396 కోట్ల బడ్జెట్ పెడితే సవరించిన అంచనా 2,24,625 కోట్లకు వచ్చింది. అరవై అయిదు వేల కోట్ల తేడా! ఆ తేడాలో ఎందరి బిల్లులున్నాయో మీ మాజీ సర్పంచులను అడిగితే చెబుతారు. ప్రభుత్వం మారితే శ్వేతపత్రం వస్తుంది. మారకపోతే రాదు. ఇది ఏ పార్టీని అనడానికి రాయడం లేదు, రెండు రాష్ట్రాల్లో రెండు మూడు పార్టీలు పాలించాయి, అలవాటు మాత్రం ఒకటే.

కేంద్రం పథకాల సంగతీ అంతే. ఇంటింటికీ కొళాయి నీళ్లని 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. 2024 కల్లా పూర్తి అన్నారు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో గడువు 2028 దాకా పెంచారు. సగం కట్టిన ట్యాంకు కింద పైపులు ఎండకు పడి ఉన్న ఊరు మా తాలూకాలో ఉంది.

మా పెద్దమ్మాయి స్కాట్లాండ్‌లో, గ్లాస్గోలో ఉద్యోగం చేస్తుంది. ఫోన్లో నా గోడు విని విని, అక్కడి ప్రభుత్వం 2025 జూన్‌లో ఇచ్చిన ఐదేళ్ల ఆర్థిక వ్యూహపత్రం పంపింది. రాత్రుళ్లు కూర్చుని ఆ పత్రం చదివాను, అర్థం కానిచోట అమ్మాయి ఫోన్లో చెప్పింది. స్కాట్లాండ్ వేరే దేశం లాంటిదే అయినా బ్రిటన్‌లో భాగం. 1999 నుంచి సొంత పార్లమెంటు ఉంది. డబ్బులో పెద్ద వాటా లండన్ నుంచి వస్తుంది, ఆదాయపు పన్ను రేట్లు కొంతమేర వాళ్లే పెట్టుకుంటారు, అప్పు మీద హద్దులు ఉంటాయి. మన రాష్ట్రాల పరిస్థితికి చాలా దగ్గర. జనాభా 55 లక్షలు. మా నాందేడ్ జిల్లా ఒక్కటే 2011లో 33 లక్షలు దాటింది.

ఆ కాగితంలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఇప్పుడున్నట్టే నడిస్తే 2029-30 నాటికి రోజువారీ ఖర్చులకు 260 కోట్ల పౌండ్లు, నిర్మాణాలకు 210 కోట్ల పౌండ్లు తక్కువ పడతాయని ప్రభుత్వం తనే రాసుకుంది. ప్రతిపక్షం అనలేదు, పత్రికలు తవ్వి తీయలేదు. ఆ లోటు పూడ్చడానికి ఏటా సగటున అర శాతం చొప్పున ప్రభుత్వ సిబ్బందిని తగ్గిస్తామని కూడా చెప్పింది. అది సరైన దారా కాదా అని అక్కడ పెద్ద వాదన నడుస్తోందట, నడవనీ. వాదించుకోవడానికి ఒక అంకె చేతిలో ఉంది కదా. అందులో పన్నుల అంచనాలు వేసేది కూడా ఆర్థిక శాఖ కాదు. స్కాటిష్ ఫిస్కల్ కమిషన్ అని 2017 నుంచి చట్టం కింద విడిగా ఉంది. పన్నుల ఆదాయం ఎంత రావచ్చో అది లెక్కగడుతుంది. ఏటా తన పాత అంచనా ఎంత తప్పింది, ఎందుకు తప్పిందని నివేదిక ఇస్తుంది. వాళ్లూ అన్నీ సక్రమంగా చేస్తున్నారని కాదు. 2018 నుంచి ఇస్తున్న ఈ పత్రం 2024లో బ్రిటన్ ఎన్నికల పేరుతో రానే లేదు.

మన దగ్గర అలాంటి స్వతంత్ర సంస్థ కావాలని 14వ ఆర్థిక సంఘం చెప్పింది, ద్రవ్య బాధ్యత చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో చెప్పింది, ఆయనే అధ్యక్షుడైన 15వ ఆర్థిక సంఘం మళ్లీ చెప్పింది. కేంద్రంలోనే పెట్టలేదు. అది వచ్చేదాకా చేయలేని పని కాదు నేను అడిగేది. కొత్త సంస్థ అక్కర్లేదు. ప్రతి డివిజన్‌లో మెజర్‌మెంట్ బుక్‌లు ఉన్నాయి, బిల్లు రిజిస్టర్ ఉంది, అంతా కంప్యూటర్‌లో ఎక్కుతూనే ఉంది. డిసెంబరు చివరికి పాసై చెల్లించని బిల్లులు హెడ్ వారీగా ఎన్ని, వర్క్ ఆర్డర్ ఇచ్చిన పనులకు ఇంకా ఎంత కావాలి, అందులో వచ్చే ఏడాది ఎంత, ఆపై ఏడాది ఎంత. ఈ పట్టిక జిల్లా వారీగా తయారు చేయడానికి క్లర్కులకు ఒక వారం చాలు, నేను వాళ్ల పక్కనే కూర్చునే మనిషిని. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఏటా ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్స్ చివర అనుబంధంలో అసంపూర్తి పనుల జాబితా ఇప్పటికే వస్తోంది. అది ఏడాది ముగిసి చాలా కాలమయ్యాక, ఎవరూ తెరవని పుస్తకంలో. బడ్జెట్ రోజున, ఓటుకు ముందు రావాలి.

ఆ పట్టిక వచ్చాక ఒక నియమం పెట్టడం తేలిక. ఒక హెడ్ కింద పాత పనుల బాకీ, ఆ హెడ్‌కు మూడేళ్లలో వచ్చే డబ్బులో సగం దాటితే ఆ జిల్లాలో ఆ హెడ్ కింద కొత్త పని మంజూరు చేయకూడదు. సగమా, అరవై శాతమా అన్నది సభ తేల్చుకోనీ. దీనివల్ల మా ఎమ్మెల్యేలకు శంకుస్థాపనలు తగ్గుతాయి, నాకూ టెండర్లు తగ్గుతాయి. తగ్గినా సరే. రెండు పనులు చేసి డబ్బు తెచ్చుకోవడం, పది పనులు చేసి వడ్డీ కట్టడం కంటే మేలు.

16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్‌తో మొదలై 2031 దాకా ఉంటుంది. కేంద్రం పన్నుల్లో తమ వాటా ఏ లెక్కన వస్తుందో రాష్ట్రాలకు ఐదేళ్లకు ముందే తెలుస్తుంది. కాబట్టి ముందు చూడలేం అనడానికి లేదు.

మీ పత్రికకు ఒక విన్నపం. బడ్జెట్ మర్నాడు మీరు ఏ శాఖకు ఎంత అని రంగుల బొమ్మలతో రెండు పేజీలు వేస్తారు. ఈసారి అందులో కాస్త చోటిచ్చి, తెలంగాణకు, మహారాష్ట్రకు రెండింటికీ, మూడేళ్ల కింద మధ్యకాలిక ప్రణాళికలో ఈ ఏడాదికి ఏమని రాశారో, ఇప్పుడు అసలు ఏమైందో పక్కపక్కన వేయండి. పెండింగ్ బిల్లుల మొత్తం ఎంతని రెండు ఆర్థిక శాఖలనూ రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబు వేయండి. జవాబు రాకపోతే రాలేదని వేయండి.

బిల్లులు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయి కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక చిన్న కాంట్రాక్టర్
ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర